తొమ్మిదో లైను

"నేనే చంపానండీ. రాసుకోండి," అన్నాడు వాచీల మెకానిక్కు.

ఎదురుగా కూర్చున్న డిటెక్టివు రాసుకోలేదు. ఇరవై ఏళ్ళు బీమా కంపెనీ తరఫున చావుల మీద ఆరాలు తీసి, ఆ తర్వాత సొంతంగా బోర్డు పెట్టుకున్న మనిషి ఆయన. పని నిదానం, మాట పొదుపు. పోలీసులంతా ఆయన్ని నత్త అనేవాళ్ళు. ఆయన కోప్పడేవాడు కాదు. కోప్పడటానికి కూడా టైము పడుతుంది కదా.

"ఎలా చంపావు?"

"చంపాను. అంతే."

"తోశావా?"

"లేదండీ."

"నిన్న పొద్దున తొమ్మిదీ ఇరవైకి ఎక్కడున్నావు?"

"కొట్లో. గోడగడియారానికి స్ప్రింగు వేస్తున్నాను. ఎదురు కొట్టాయన చూశాడు."

"ఆవిడ కుట్టుమిషన్ల షెడ్డులో మూడో అంతస్తు మెట్ల మీంచి పడింది. నువ్వు కొట్లో కూర్చుని ఎలా చంపావయ్యా?"

మెకానిక్కు కన్నీళ్ళు గడ్డం దాకా జారుతున్నా తుడుచుకోలేదు. ముప్పై ఏళ్ళుగా భూతద్దం బిగించుకునే ఎడమ కంటి చుట్టూ చర్మం వలయంలా నొక్కుకుపోయి ఉంది. ఆ కన్ను మాత్రం రెప్ప వేయకుండా బల్ల అంచునే చూస్తోంది.

పది నిమిషాలకే అనుమతి. కానిస్టేబులు తలుపు తట్టాడు. నత్త లేచాడు.

బయట బెంచీ మీద మెకానిక్కు భార్య కూర్చుని ఉంది. నత్తకు ఫీజు ఇస్తానని పిలిచింది ఆవిడే. "ఏమన్నాడన్నా?" అంది లేచి.

"తానే చంపానంటున్నాడమ్మా."

"ఆయనా! వాచీలో ఈగ పడితే చిమటాతో తీసి, రెక్కలు ఆరాక ఎగరేసే మనిషన్నా ఆయన. నా మీద ఒక్కసారి గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని నేనే అనుకునేదాన్ని."

నత్త ఆవిణ్ణి కూర్చోమని సైగ చేసి, ఇన్‌స్పెక్టరు గదిలోకి వెళ్ళాడు.

ఇన్‌స్పెక్టరుదీ నత్తదీ పాత లెక్క. బీమా రోజుల్లో ఇన్‌స్పెక్టరు ఆత్మహత్యలని మూసిన రెండు కేసుల్ని నత్త తిరగదోడాడు. అప్పటినుంచీ నత్త కనబడితే ఆయనకు పంటి కింద రాయి పడ్డట్టుండేది.

"రావయ్యా నత్తా, రా. ఒప్పుకున్నాడుగా. ఇంకేం కావాలి?"

"ఏం ఒప్పుకున్నాడో ఆయనకే తెలియదు."

"నాకు తెలుసు. ఆవిడ రోజూ పొద్దున ఎనిమిదీ నలభై అయిదుకి వీడి కొట్టుకి వెళ్ళేది. పది నిమిషాలు గుసగుసలు. మొగుడికి తెలియదు. వీడు ముఖం చాటేసి ఉంటాడు, ఆవిడ మేడెక్కింది. దూకేముందు చీటీ కూడా రాసింది, అది మొన్న రాత్రి ఏడింటికి వీడే వీళ్ళ కవితల గ్రూపులో పెట్టాడు. ఆత్మహత్య, వీడు ప్రేరేపించాడు. పన్నెండింటికి శవాన్ని మొగుడికి ఇచ్చేస్తాను. రెండింటికల్లా కాల్చేస్తారు. ఫైలు మూసేస్తాను."

గోడ మీద గడియారం తొమ్మిదీ యాభై చూపిస్తోంది.

ఇన్‌స్పెక్టరు మెకానిక్కు ఫోను బల్ల మీద తిప్పి పెట్టాడు. గ్రూపు పేరు 'ఎనిమిది రేకులు'. ముప్పై మూడు మంది సభ్యులు. బేకరీ ఆయన, బస్సు కండక్టరు, రిటైరైన లెక్కల మాస్టారు, నర్సు, ఇలాంటివాళ్ళు. ఒక్కరి పుస్తకం కూడా అచ్చు కాలేదు, కాదు కూడా. అక్కడ నియమాలు మూడు. కవిత ఎనిమిది లైన్లు దాటకూడదు, ఎందుకంటే పూలబొమ్మ కార్డు మీద అంతే పడుతుంది. తన కవిత తాను పెట్టుకోకూడదు. ప్రతివారికీ ఒక తోడు ఉంటారు, ఆ తోడే సరిచూసి, కార్డు చేసి పెట్టాలి. ఇక మూడోది, 'బాగాలేదు' అన్న మాట గ్రూపులో నిషేధం.

చనిపోయినావిడ షెడ్డులో చొక్కాలకు బొత్తాల కాజాలు కుట్టేది. గ్రూపులో ఆవిడ మారుపేరు దారం. తోడు, వాచీల మెకానిక్కు.

నత్త కార్డు చదివాడు. గులాబీల మధ్య ఎనిమిది లైన్లు.

పొద్దున్నే పాలగ్లాసు నా చేతికొస్తుంది
అడగకుండానే అందించే చెయ్యి, నవ్వే మొహం
దువ్వెన నిండా నా జుట్టే
అరికాళ్ళ కింద ఎవరో నిప్పులు పరిచారు
కాజా కుట్టిన వేళ్ళకు కాజా దొరకడం లేదు
పుట్టింట్లో పది రోజులున్నాను, కాళ్ళు నావయ్యాయి
తిరిగొచ్చాను, మళ్ళీ గ్లాసు
ఇంకెన్ని గ్లాసులు మిగిలాయో నాకు తెలియదు

కింద మెప్పులు బారులు తీరి ఉన్నాయి. 'అరికాళ్ళ కింద నిప్పులు! ఎంత గొప్ప ప్రతీక!' అని బేకరీ ఆయన. 'దువ్వెన అంటే కాలమే కదా తల్లీ' అని లెక్కల మాస్టారు. 'పాలగ్లాసు మాతృత్వానికి సంకేతం, చదివి కన్నీళ్ళు ఆగలేదు' అని కండక్టరు. 'అద్భుతం, ఇంకా రాయండి' అని పదిహేను మంది. చప్పట్లు, పూలు, దండాలు.

నత్త రెండోసారి చదివాడు. మూడోసారి చదివాడు.

"చూశావా," అన్నాడు ఇన్‌స్పెక్టరు, "ఇంతకంటే చావు చీటీ ఏముంటుంది?"

"నాకు కవిత్వం రాదు. రాసింది రాసినట్టు చదువుతాను. పాలు తాగితే జుట్టు ఊడింది. కాళ్ళు మండాయి. వేళ్ళు మొద్దుబారాయి. ఇల్లు మారితే తగ్గింది. తిరిగొస్తే మళ్ళీ మొదలు. ఇది చీటీ కాదు, రోగం చరిత్ర. ఎలుకలమందు చావు బీమా రోజుల్లో ఒకటి చూశాను. ఇలాగే ఉంటుంది. డాక్టరు ఆవిడ జుట్టు చూశాడా?"

"తల పగిలాక జుట్టెవడు చూస్తాడయ్యా?"

"రక్తం తీయించు."

"దేనికి? కవిత బాగుందనా?" ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఆ మొగుణ్ణి నువ్వు చూడలేదు. మందుల కొట్లో పని, ఇంటికొస్తే పెళ్ళానికి సేవ. మంచం మీదకే పాలు, మందులు. మొదటి పెళ్ళానికీ అలాగే మూడేళ్ళు చేశాడట, దక్కలేదు. వీధంతా చేతులెత్తి మొక్కుతోంది. నిన్న ఇక్కడ కూర్చుని ఏడిస్తే మా వాళ్ళే టీ తెచ్చిచ్చారు. అలాంటివాడి మీద విషం కేసు పెట్టమంటావు, ఎనిమిది లైన్లు చూసి?"

"పన్నెండు దాకా ఆగుతావుగా?"

"పన్నెండు దాటితే ఒక్క నిమిషం ఆగను."

నత్త వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. మెకానిక్కు భార్య కూడా లేచింది. ఆగమని చెయ్యి చూపించాడు.

షెడ్డు గేటు దగ్గర హాజరు యంత్రం ఉంది. దారం నిన్న వేలు పెట్టిన టైము ఎనిమిదీ యాభై ఎనిమిది. పడింది తొమ్మిదీ ఇరవైకి. నత్త వాచీ చూసుకుని, మిషన్లుండే మూడో అంతస్తు దాకా మామూలు నడకతో ఎక్కాడు. మోకాళ్ళు అరిగిన ఆయనకే మూడు నిమిషాలు పట్టింది. ఆవిడకు ఇరవై రెండు నిమిషాలు ఎందుకు పట్టింది?

మళ్ళీ దిగి, ఈసారి వంగి, గోడ చూస్తూ ఎక్కాడు. రెండో మలుపు దగ్గర దొరికింది. గోడ మీద అరచేతి ముద్రలు. కుట్టుపనివాళ్ళు బట్ట మీద గీతలు గీసే సుద్ద, నీలం రంగు. నిలబడ్డ మనిషి చెయ్యి తగిలే ఎత్తులో లేవు. మోకాలెత్తులో ఉన్నాయి. ఒక్కో మెట్టుకీ ఒకటి.

"ఆవిడ చెప్పులు ఈ మలుపు దగ్గరే విడిచింది కదండీ," అంది వెనక నిలబడ్డ సూపర్‌వైజరమ్మ. లావుపాటి మనిషి, మెడలో కొలతల టేపు. "పక్కపక్కన పెట్టి ఉన్నాయి. పోలీసాయన అన్నాడు, చచ్చేవాళ్ళు చెప్పులు సర్ది పెట్టి పోతారని."

"చెప్పు తగిలినా ఓర్చుకోలేని కాళ్ళమ్మా. పాకుతూ ఎక్కింది. పడ్డప్పుడు చేతిలో ఏమైనా ఉందా?"

"చేతిలో లేదండీ. వేలికుంది. సూది గుచ్చుకోకుండా తొడుక్కుంటాం చూడండి, ఇనుప టోపీ. కిందనే తొడిగేసుకుంది."

"చావబోయే మనిషి వేలికి టోపీ తొడుక్కుంటుందా?"

సూపర్‌వైజరమ్మ టేపు కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది. "నాతో ఒకసారి అందండీ. మా ఇంట్లో పాలు నాకు పడటం లేదు అక్కా అని. నేను... నేను కసిరాను. అలాంటి మొగుడికి వంకలు పెడితే నోట్లో పురుగులు పడతాయే అన్నాను. మళ్ళీ నోరు విప్పలేదు."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"చెల్లెలు. అక్కకు వంట్లో బాగాలేదని సాయానికి వచ్చింది, నెలైంది. పెళ్ళి కాని పిల్ల."

"ఆవిడ ఫోను?"

"నెల కిందే పాడైందని మొగుడు బాగుచేయించడానికి తీసుకెళ్ళాడు. మళ్ళీ ఇవ్వలేదు. అందుకే కవితలు చొక్కా కాలరులో పెట్టే అట్టముక్కల మీద రాసుకునేది. పొద్దున వాచీల కొట్లో ఇచ్చి వచ్చేది, గ్రూపులో పెట్టాక ఆయన అట్ట తిరిగిచ్చేవాడు. ఎవరెవరు మెచ్చుకున్నారో ఆయన చదివి వినిపిస్తే ఆ రోజంతా మిషను పాట పాడినట్టు నడిచేది."

నత్త ఆవిడ మిషను సొరుగు లాగాడు. తెల్ల అట్టముక్కలు, దారంతో కట్టిన కట్ట. రాసేముందు ఆవిడ స్కేలుతో గీతలు కొట్టుకునేది. గీతలు లెక్కపెట్టాడు. ఎనిమిది. రెండోది ఎనిమిది. పదహారు అట్టలు, అన్నిటికీ ఎనిమిదే గీతలు. అడుగున ఒకటి పాడుచేసి పారేసింది ఉంది. మొదటి లైను మాత్రం రాసి, సిరా అలికిపోతే వదిలేసింది. పొద్దున్నే పాలగ్లాసు నా చేతికొస్తుంది.

దాని మీద గీతలు తొమ్మిది.

నత్త ఆ అట్టను జేబులో పెట్టుకున్నాడు. దారం నియమం తెలిసిన మనిషి. బొత్తానికి పట్టేంతే కాజా కోసే మనిషి. పదహారు సార్లు తప్పని లెక్కను ఈసారి కావాలనే తప్పింది. కార్డు మీద ఎనిమిదే పడ్డాయి. ఒకటి ఏమైంది?

పదకొండూ అయిదుకి స్టేషన్లో మళ్ళీ మెకానిక్కు ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, వేడుక చూద్దామని.

నత్త అట్టను బల్ల మీద పెట్టాడు.

"తొమ్మిది గీతలు. నువ్వు ఎనిమిది లైన్లే పెట్టావు."

మెకానిక్కు అట్టను చూశాడు. ఆ తర్వాత ఆయన వీపు గోడ కూలినట్టు కూలింది.

"ఏ లైను కొట్టేశావు?"

"ఏడోదానికీ చివరిదానికీ మధ్యది."

"చదువు."

"నా వల్ల కాదండీ."

"చదువయ్యా!"

మెకానిక్కు అట్ట మీద ఎనిమిదో గీత మీద వేలు పెట్టాడు. "ఇప్పుడు మా ఆయన మా చెల్లికి కూడా ఒక గ్లాసు కలుపుతున్నాడు."

గుమ్మానికి ఆనుకున్న ఇన్‌స్పెక్టరు నిటారుగా నిలబడ్డాడు.

"ఎందుకు కొట్టేశావు?"

"ఎనిమిదే కదండీ నియమం. ఒకటి తీయాలి. అన్నిటికంటే అదే... అదే కవిత్వం కాదనిపించింది. అంతదాకా ఒక మనిషి బాధ. మధ్యలో చెల్లెలేమిటి, కలపడమేమిటి, మాటలాగా ఉంది, అందం లేదు అనుకున్నాను. మంచి లైన్లు చెడకూడదని తీసేశాను." ఆయన రెండు చేతులూ తన కళ్ళ ముందు పెట్టుకుని చూసుకున్నాడు. "నిన్న పొద్దున ఎనిమిదీ నలభై అయిదుకి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. ముప్పై మంది మెచ్చుకున్నారమ్మా అని అన్నీ చదివాను. అంతా విని, ఆ చెల్లి లైను చూసి ఎవరూ ఏమీ అనలేదా అన్నా అని అడిగింది. అది తీసేశానమ్మా, కవిత ఇప్పుడు మెరిసిపోతోంది అన్నాను. గుమ్మం వదిలి, 'సరే అన్నా' అంది. వెళ్ళిపోయింది."

నత్త కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నిన్నంతా ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అది నిజమైపోతుంది కదండీ. చెప్పకపోతే ఇంకా కవితే."

నత్తకు పట్టరాని కోపం వచ్చింది. కానీ బల్లకు ఆ పక్క కూర్చున్నవాడి మొహం చూస్తే ఆ కోపానికి నిలబడే చోటు దొరకలేదు. "ఆ అట్ట ఎక్కడ?" అన్నాడు.

"కొట్లో. ఆగిపోయిన పెద్ద గోడగడియారం వెనక పెట్టాను."

కొట్టు స్టేషనుకు నాలుగు కొట్ల అవతల. మెకానిక్కు భార్య చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఏడు నిమిషాల్లో అట్టతో తిరిగొచ్చింది. తొమ్మిది లైన్లు. ఎనిమిదో లైను మీద పెన్సిలుతో సన్నగా, చాలా మర్యాదగా ఒక అడ్డగీత.

ఇన్‌స్పెక్టరు అట్ట తీసుకుని వెలుతురులో పట్టి చూశాడు. "ఇది వీడే రాసుకుని ఉండొచ్చుగా," అన్నాడు. మాటలో పాత బిగువు లేదు.

"ఆ ఫోను ఇటివ్వు," అన్నాడు నత్త. "ఆవిడకు నెలనుంచీ ఫోను లేదు. అందుకే కదా రోజూ ఈయన కొట్టుకి వచ్చింది. నువ్వు దాన్ని గుసగుసలన్నావు. సరే. ఆవిడ నంబరు గ్రూపులోంచి తీసేశారా?"

"లేదండీ," అన్నాడు మెకానిక్కు. "ఎందుకు తీస్తాం? మళ్ళీ ఫోను వస్తుంది కదా అని..."

నత్త కార్డు మీద వేలు నొక్కి పట్టాడు. ఎవరెవరు ఎప్పుడు చూశారో జాబితా తెరుచుకుంది. బేకరీ, ఏడూ రెండు. నర్సు, ఏడూ అయిదు. వేలితో జరుపుతూ పోయాడు. ఒక చోట ఆగాడు.

దారం. ఏడూ ఇరవై.

కార్డు కింద మెప్పుల మధ్యకు వెళ్ళాడు. చప్పట్లకీ పూలకీ నడుమ, ఎవరి కంటికీ ఆనకుండా, ఏడూ ఇరవై నాలుగుకి ఒక్క మాట. 'ధన్యవాదాలు.' పంపింది దారం.

"మెచ్చుకుంటే ధన్యవాదాలు చెప్పడం మా పద్ధతండీ," అన్నాడు మెకానిక్కు పిచ్చివాడిలా. "అందరూ చెబుతారు. నేను చూసి కూడా..."

"ఫోను ఆవిడ దగ్గర లేదు. ఎవరి దగ్గరుందో వాడు చదివాడు. జుట్టు, కాళ్ళు, గ్లాసు. పెళ్ళానికి తెలిసిపోయిందని వాడికి మొన్న ఏడూ ఇరవైకి తెలిసింది. ముప్పై మంది ప్రతీక అనుకున్నదాన్ని ఒక్కడు రాసింది రాసినట్టు చదివాడు. మర్నాడు గ్లాసులో ఎలుకలమందు పెంచి ఉంటాడు. ఆవిడ దూకలేదయ్యా ఇన్‌స్పెక్టరూ. పనికి పోవడానికి పాకుతూ ఎక్కి, నిలబడలేక పడిపోయింది."

మెకానిక్కు రెండు చేతులూ బల్ల కిందికి లాక్కున్నాడు. కార్డు ఎవరు పెట్టారో ఆయనకు ఒకరు చెప్పాలా? ఆయన భార్య వెళ్ళి ఆయన పక్కన నిలబడింది, కానీ చెయ్యి వేయలేకపోయింది.

ఇన్‌స్పెక్టరు ఫోనెత్తి మార్చురీకి చేశాడు. "శవాన్ని కదిలించకండి. జుట్టు, గోళ్ళు, రక్తం అన్నీ తీయండి. నేను చెప్పేదాకా ఎవరికీ ఇవ్వకండి." పెట్టేసి, నత్త వైపు చూడకుండా అన్నాడు. "మొగుడు పన్నెండింటికి ఇక్కడికే వస్తాడు. సంతకానికి. రాగానే పట్టుకుంటాను, సరేనా?"

గుమ్మంలోంచి కానిస్టేబులు తొంగిచూశాడు. "ఆయన ఇందాకే ఫోను చేశాడు సార్. గంట ఆలస్యం అవుతుందట. మరదలికి ఒంట్లో బాగాలేదట, దగ్గరుండి చూసుకుంటున్నానన్నాడు. పాపం, ఎంత ఓపికో సార్ ఆయనకి."

ఇన్‌స్పెక్టరు టోపీ కోసం తడుముకున్నాడు. బల్ల మీది నుంచి అది కింద పడింది. తీసుకోలేదు. "జీపు!" అని అరిచాడు. "ఎంత దూరం ఆ ఇల్లు?"

"ఇరవై నిమిషాలు సార్."

నత్త జీపులో వెనక కూర్చునేసరికి పదకొండూ ముప్పై ఎనిమిది. మెకానిక్కు ఫోను ఇంకా ఆయన చేతిలోనే ఉంది. జీపు గేటు దాటుతుండగా అది గుర్రుమంటూ కొట్టుకుంది. గ్రూపులో కొత్త కార్డు. తెల్ల గులాబీలు. పంపింది దారం.

నేను మీ దారం భర్తను
మీరంతా మెచ్చుకున్న చెయ్యి చల్లబడింది
చివరి గుక్క నేనే తాగించాను
ఇల్లు బోసిపోయింది
చెల్లెలు మంచం దిగడం లేదు
అక్కలాగే కాళ్ళు మంటలంటోంది
నేనే పక్కన కూర్చున్నాను
గ్లాసు నా చేతిలోనే ఉంది

నత్త గబగబా గ్రూపులో అక్షరాలు కొట్టబోయాడు. ఆ పిల్లను కాపాడండి, ఆ వీధిలో ఎవరైనా ఉంటే తలుపు పగలగొట్టండి అని. వేలు ఆగిపోయింది. అది వాడు కూడా చదువుతాడు. మొదట వాడే చదువుతాడు.

"తొందరగా పోనీ," అన్నాడు డ్రైవరుతో. జీవితంలో ఆ మాట ఆయన అనడం అదే మొదలు.

చేతిలో ఫోను మళ్ళీ కొట్టుకుంది. మళ్ళీ. మళ్ళీ. దండాలు, కన్నీళ్ళు, పూలు. బేకరీ ఆయన అందరికంటే ముందు రాశాడు.

'మాటలు రావడం లేదు సార్. గుండె పిండేశారు. మీలోనూ గొప్ప కవి ఉన్నాడు. ఆపకండి.'